ఇంగ్లండ్ మిల్లులు స్వేచ్ఛా మార్కెట్‌లో పుట్టలేదు

పారిశ్రామిక విప్లవం గురించి ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. దాని సారాంశం ఇది: జేమ్స్ వాట్ కెటిల్ మూత ఎగరడం చూసి ఆవిరి యంత్రం కనిపెట్టాడు. ప్రభుత్వం వ్యాపారంలో వేలు పెట్టలేదు, పన్నులు తక్కువ. పల్లె జనం మంచి జీతాల కోసం ఇష్టపడి ఫ్యాక్టరీలకు వచ్చారు. అందుకే ఇంగ్లండ్ ధనిక దేశమైంది, మనం మాత్రం అడ్డంకులు పెట్టుకుని వెనకబడ్డాం. ఈ కథ చెప్పే ఇవాళ చేనేతకు సబ్సిడీ ఎందుకు, కార్మిక చట్టాలు ఎందుకు అని వాదిస్తున్నారు. కాబట్టి జవాబు చెప్పాల్సిందే.

కెటిల్ కథతో మొదలుపెడదాం. వాట్ పుట్టింది 1736లో. అంతకు 24 ఏళ్ల ముందే, 1712లో, ఇంగ్లండ్‌లోని డడ్లీ దగ్గర బొగ్గు గనిలో థామస్ న్యూకోమెన్ తయారుచేసిన ఆవిరి యంత్రం నీళ్లు తోడుతోంది. అది విపరీతంగా బొగ్గు తినేది. గని పక్కనే కాబట్టి చెల్లింది, ఇంకెక్కడైనా దండగే. వాట్ గ్లాస్గోలో ఆ యంత్రం నమూనాను బాగుచేస్తూ, ఆవిరిని చల్లార్చడానికి వేరే గది పెట్టాలన్న ఉపాయం కనిపెట్టాడు. అది గొప్ప ఆలోచనే, సందేహం లేదు. కానీ దానికి కావలసిన సిలిండర్‌ను కచ్చితంగా తొలిచి ఇచ్చింది ఇనుప కర్మాగారాల యజమాని జాన్ విల్కిన్సన్ యంత్రం. విల్కిన్సన్ 1774లో దానికి పేటెంట్ తీసుకున్నది ఫిరంగులు తొలవడానికి! పైగా 1769 నాటి వాట్ పేటెంటును పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి 1800 దాకా పొడిగించింది. పోటీగా ఇంకో యంత్రం తెచ్చిన హార్న్‌బ్లోయర్‌ను వాట్, అతని వ్యాపార భాగస్వామి బౌల్టన్ కోర్టులో అడ్డుకున్నారు. ప్రభుత్వం పక్కన నిలబడి చూసిందని ఎలా అంటాం?

అసలు పెద్ద అబద్ధం 'ప్రభుత్వం వేలు పెట్టలేదు' అన్నదే. ఇక్కడ మన మచిలీపట్నం వస్తుంది. ఈస్టిండియా కంపెనీ అక్కడ 1611లోనే కొఠీ (వర్తక స్థావరం) పెట్టింది. కోరమండల్ తీరంలో అద్దకం వేసిన నూలు బట్ట ఎన్ని ఉతుకులకైనా రంగు పోయేది కాదు. చిరివేరుతో వేసిన ఆ ఎరుపుకు యూరప్‌లో సాటి లేదు. లండన్‌లో దొరసానుల నుంచి పనిమనుషుల దాకా అందరూ వాటికి అలవాటు పడ్డారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లకు పని పోయింది. అప్పుడు పార్లమెంటు ఏం చేసింది? 1700లో చట్టం చేసి, భారతదేశం, పర్షియా, చైనాల నుంచి వచ్చే అద్దకం బట్టలను దేశంలో వాడకుండా నిషేధించింది. అదీ చాలలేదు. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో కాలికో, అంటే ఈ నూలు బట్ట, కట్టుకున్న ఆడవాళ్ల బట్టలు చింపారు. 1721లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. కాలికో కట్టుకుంటే 5 పౌన్లు, అమ్మితే 20 పౌన్లు జరిమానా.

అయితే పడుగుకు అవిసె నార, పేకకు నూలు వేసి నేసే బట్టకు మినహాయింపు దొరికింది. తర్వాత నూలు మిల్లులకు కేంద్రమైన లాంకషైర్ (ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతం) ఆ నీడలోనే పెరిగింది. భారతీయ సరుకు పోటీ లేని సొంత మార్కెట్‌లో యాభై ఏళ్ల పాటు నేత, అద్దకం నేర్చుకుంది. ఆర్క్‌రైట్ నూలు వడికే యంత్రంతో పడుగుకు సరిపడే గట్టి నూలు వచ్చాక, 1774లో పార్లమెంటు స్వదేశీ నూలు బట్టకు తలుపు తెరిచింది. నిషేధం ఒక్కటే మిల్లులను పుట్టించలేదన్నది నిజమే. ఫ్రాన్స్ కూడా 1686 నుంచి 1759 దాకా ఇలాంటి బట్టలను నిషేధించింది, అక్కడ మిల్లులు ముందు రాలేదు. ఇంగ్లండ్‌లో చవక బొగ్గు, ఎక్కువ కూలి, నైపుణ్యం ఉన్న పనివాళ్లు కూడా కలిశారు. కూలి ఖరీదైన చోటే యంత్రం గిట్టుబాటవుతుంది.

పన్నులు తక్కువ అన్నదీ తప్పే. ఉప్పు, సబ్బు, కొవ్వొత్తులు, బీరు, ఇటుకలు, అన్నిటి మీదా పన్ను ఉండేది. ఆ సొమ్ము నౌకాదళానికి, యుద్ధాల అప్పుకు పోయేది.

ఇక 'ఇష్టపడి వచ్చిన' కార్మికుల సంగతి. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా చట్టాలతో సుమారు 68 లక్షల ఎకరాల ఉమ్మడి పొలాలు, బీళ్లకు కంచె వేయించి సొంత ఆస్తిగా మార్చింది. ఉమ్మడి బీడులో ఆవును మేపుకుని, కట్టెలు ఏరుకుని బతికిన పేదకు ఆ ఆసరా పోయింది. జనాభా పెరగడం కూడా కారణమే, కానీ ఆసరా పోయినవాడికి బేరమాడే బలం ఉండదు. తొలి నూలు మిల్లుల్లో చాలామంది లండన్ పేదల గృహాల నుంచి అప్రెంటిస్‌లుగా పంపిన పిల్లలు. వాళ్ల పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేయడానికే 1802లో చట్టం కావలసి వచ్చింది. కార్మికులు సంఘం పెట్టుకోవడం 1799, 1800 చట్టాల ప్రకారం నేరం. 1823 చట్టం కింద ఒప్పందం మధ్యలో పని మానేసిన కూలీని మూడు నెలల దాకా జైల్లో పెట్టవచ్చు. యంత్రం పగలగొడితే 1812లో ఉరిశిక్ష. ఇదేనా స్వేచ్ఛగా కుదిరిన జీతం?

మెసేజ్‌లో ఒక్క ముక్క కూడా లేని విషయం పత్తి. ఇంగ్లండ్‌లో పత్తి పండదు. 1860 నాటికి అక్కడి మిల్లులకు వచ్చే పత్తిలో సుమారు 80 శాతం అమెరికా దక్షిణ రాష్ట్రాలది, అంటే బానిసలుగా బంధించిన ఆఫ్రికా సంతతి మనుషులు ఏరింది. 1833లో బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌన్ల పరిహారం ఇచ్చింది. ఇచ్చింది యజమానులకు.

దీనికి ఎదురుగా ఇంకో మాటా తిరుగుతోంది, బెంగాల్ దోపిడీ సొమ్ముతోనే మిల్లులు లేచాయని. దోపిడీ నిజం. కానీ అదొక్కటే చాలుననుకుంటే, అమెరికా వెండిని ఓడల కొద్దీ తెచ్చుకున్న స్పెయిన్‌లో మిల్లులు ముందు రావాలి. కోపంతో సగం చరిత్ర చెప్పడం మనకు మేలు చేయదు.

చివరిది, 'మనం అడ్డంకులు పెట్టుకున్నాం' అన్న నింద. సుంకాలు నిర్ణయించే అధికారం మన చేతిలో ఎప్పుడుంది? 1824లో భారత కాలికో బ్రిటన్‌లో దిగాలంటే 67.5 శాతం సుంకం. బ్రిటిష్ ఓడల్లో బెంగాల్‌కు వచ్చే బ్రిటన్ నూలు బట్టకు 2.5 శాతం. నేత యంత్రాల ఎగుమతిపై నిషేధాన్ని వాళ్లు పూర్తిగా ఎత్తేసింది 1843లో, లాంకషైర్‌కు ఎదురు లేదని తేలాక. 1896లో భారత్‌లోకి వచ్చే బట్టపై 3.5 శాతం సుంకం వేసినప్పుడు, లాంకషైర్‌కు నష్టం రాకూడదని మన మిల్లు బట్ట మీద కూడా అదే 3.5 శాతం పన్ను వేశారు. దాని వసూలు 1925 చివర్లో గానీ ఆగలేదు.