మౌస్ డ్యూటీ

డాక్టర్లూ నర్సులూ వార్డులో కంప్యూటర్ ఎలా వాడతారో పక్కన కూర్చుని చూసి రాయడం నా ఉద్యోగం. వినడానికి హాయిగానే ఉంటుంది. హైదరాబాద్‌లో ఓ పెద్దాసుపత్రికి వెళ్తే ఐటీ వాళ్లు నా లాప్‌టాప్ లోపలికే రానివ్వలేదు. పెన్‌డ్రైవ్ పనిచేయదు, స్క్రీన్ రికార్డింగ్ ఊసే ఎత్తకూడదు. ఏమన్నా అంటే "2022లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఏమైందో తెలుసుగా సార్?" అంటారు. తెలుసు, సైబర్ దాడికి సర్వర్లు పడిపోయి రోజుల తరబడి అన్నీ చేత్తో రాసుకున్నారు, కాదనలేం. అలా కంప్యూటర్ల మీద పరిశోధన లాంగ్‌బుక్కుతో మొదలైంది.

వార్డులో సిస్టమ్‌ని ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే లాక్ అయిపోతుంది. పాస్‌వర్డ్ చూస్తే బారెడు, అదీ నెలనెలా మార్చాలి. గ్లవ్స్ తీసి, అది కొట్టి, తప్పు పడి, మళ్లీ కొట్టేలోపు పేషెంట్ తాలూకు వాళ్లు నలుగురు చుట్టూ చేరతారు. అందుకని పొద్దున డ్యూటీ డాక్టర్ గారు ఒక్కసారి లాగిన్ అయ్యారంటే, దాన్ని అఖండ దీపంలా ఆరిపోకుండా కాపాడటం వార్డు మొత్తం బాధ్యత. ఒకరి పేరు మీద అందరూ ఎక్కిస్తే ఏ మందు ఎవరు మార్చారో తర్వాత తేలదు, అది ప్రమాదమే. కానీ ఆ మాట హెడ్ సిస్టర్ గారితో అనే ధైర్యం నాకు లేదు.

అమెరికాలోనూ ఇదే తంతు. మనిషి ఎదురుగా ఉన్నాడో లేడో కనిపెట్టే సెన్సర్ మీద థర్మాకోల్ కప్పు బోర్లించేవాళ్లనీ, అందరికంటే జూనియర్ చేత స్పేస్‌బార్ నొక్కిస్తుండేవాళ్లనీ 2015లో అక్కడి పరిశోధకులు రాశారు. మన వార్డులో సెన్సర్ లేదు. నేనున్నాను.

"ఊరికే కూర్చున్నారుగా సార్, ఆ మౌస్ కాస్త కదుపుతుండండి" అని హెడ్ సిస్టర్ గారు మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయారు. చూడటానికి వెళ్లినవాడు దేన్నీ ముట్టుకోకూడదని మా పాఠాల్లో మొదటి రూల్. అది రాసినాయనకి హెడ్ సిస్టర్లతో పరిచయం లేదనుకుంటా. కదిపాను.

సాయంత్రం ఐటీ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. డాక్టర్ గారి లాగిన్ పొద్దున్నుంచీ ఆగకుండా నడుస్తోందట, ఆయన ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నప్పుడు కూడా. వైరస్సేమోనని టెన్షన్. సిస్టర్ గారు "వైరస్సూ లేదు ఏమీ లేదు, ఈ సారే" అని నన్ను చూపించారు. అతను నావైపు ఎగాదిగా చూసి, "మీ లాగిన్ అప్లికేషన్ ఇంకా పెండింగే కదా సార్!" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే నైట్ డ్యూటీ సిస్టర్లు వచ్చేశారు, అప్పగింతలు మొదలయ్యాయి. "మూడో బెడ్ సెలైన్ అయిపోవస్తోంది, ఐదో బెడ్‌కి ఎనిమిదింటికి షుగర్ చూడాలి, మౌస్ దగ్గర ఈ సార్ ఉన్నారు, మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు."