తూటాతో మూసిన కేసు

2019 డిసెంబరు 6, శుక్రవారం. ఇంకా తెల్లవారకముందే షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 2022 మే 20న, మళ్లీ శుక్రవారమే, వాళ్లు ఎలా చనిపోయారో చెప్పే నివేదికను సుప్రీంకోర్టు బయటపెట్టింది. విచారణకు సుప్రీంకోర్టే వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఎక్కడా నీళ్లు నమలలేదు. కళ్లలో మట్టి కొట్టారు, తుపాకులు లాక్కున్నారు, మా మీదే కాల్చారు అని పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదంది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది. పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఈ నివేదికను సీల్డ్ కవర్లోనే ఉంచేయమని రాష్ట్ర ప్రభుత్వం తరఫు న్యాయవాది ప్రాధేయపడ్డారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం ఒప్పుకోలేదు. మంచి పని చేసింది.

దిశ కేసును పాఠకులకు గుర్తుచేయాల్సిన పనిలేదు. శంషాబాద్ టోల్‌ప్లాజా, పంక్చరైన స్కూటీ, చటాన్‌పల్లి వంతెన కింద కాలిన శవం. ఆ నవంబరు రాత్రి ఏ ఇంట్లోనూ ఆడపిల్ల వచ్చేదాకా తల్లికి నిద్ర పట్టలేదు. ఆ కోపం న్యాయమైనదే. కోర్టుల్లో ఏళ్ల తరబడి వాయిదాలు చూసి జనం విసిగిపోయారన్నదీ నిజమే. నిర్భయ దోషులకు ఉరి పడేసరికి ఏడేళ్లు దాటింది. ఇవన్నీ ఒప్పుకుంటాం. ఒప్పుకున్నాక కూడా మాకు ఒక ప్రశ్న మిగిలిపోతోంది: కాల్చేసిన ఆ నలుగురే నేరం చేశారని తేల్చింది ఎవరు?

కోర్టు తేల్చలేదు. మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు పెడుతున్నామని ప్రకటించిన రెండు రోజులకే నిందితులు లేకుండా పోయారు. పట్టుకున్నవాళ్లే నేరం రుజువైందన్నారు, శిక్షా వాళ్లే వేశారు. ఇక్కడే మా భయమంతా. ఒక హత్య కేసు ఛేదించామని పోలీసులు చెప్పే మాటకీ, నిజంగా ఛేదించడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. ఆ దూరం కొలవడానికే కోర్టు ఉంది. ఆ కొలత అక్కర్లేదని ఒకసారి చప్పట్లు కొట్టాం. రేపు ఆ తుపాకీ ఎవరి మీదికి తిరిగినా అడిగే హక్కు మనకేం మిగిలింది?

హత్య కేసు ఛేదించడమంటే సినిమా కాదు. ఓపిగ్గా, విసుగు పుట్టించేలా చేయాల్సిన పని. శవం దొరికిన చోటును తాడు కట్టి కాపాడాలి. క్లూస్ టీమ్ వచ్చేదాకా ఒక్క సిగరెట్ పీక కూడా కదలకూడదు. మన దగ్గర ముందుగా వచ్చేది నాయకులు, వాళ్ల వెనక కెమెరాలు, ఆ వెనక ఊరంతా. ఆ తర్వాత ఇన్‌క్వెస్ట్ (శవ పంచనామా), పోస్టుమార్టం, రక్తపు మరకలు, దుస్తులు, గోళ్ల కింది మట్టి. ఒక్కోటీ విడిగా కట్టి, సీలు వేసి, ఏ రోజు ఎవరి చేతికి వెళ్లిందో రాసుకోవాలి. ల్యాబ్‌కి తీసుకెళ్లిన కానిస్టేబుల్ సంతకం ఒకటి లేకపోతే చాలు, డిఫెన్స్ లాయరు ఆ డబ్బాను కోర్టులో తలకిందులు చేస్తాడు. ఫోన్ కాల్ డేటా, సెల్ టవర్, సీసీ కెమెరా, చివరిసారి ఎవరితో చూశామని చెప్పే పాన్‌షాపు మనిషి. ఇవన్నీ ఒకదానికొకటి అతికితేనే అది కేసు. ఒక గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా నిందితుడు బయటికొస్తాడు. అందుకే బద్ధకస్తుడికి ఈ దారి నచ్చదు. నిందితుడి నోటి నుంచే నాలుగు మాటలు రాబట్టుకోవడం అతనికి తేలిక.

ఆ నాలుగు మాటలు కోర్టులో చెల్లవని చట్టం ఎప్పుడో తేల్చింది. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. ఎందుకు కాదో, స్టేషన్‌లో ఒక రాత్రి గడిపినవాళ్లను అడిగితే చెబుతారు. అప్పటి సాక్ష్యాధార చట్టం 27వ సెక్షన్ మాత్రం ఒక చిన్న సందు ఇచ్చింది. నిందితుడు చెప్పడం వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరికినంతమేరకు అతని మాట పనికొస్తుంది. మన పోలీసులు ఆ సందులోంచి ఏనుగునే నడిపిస్తున్నారు. ఏ ఛార్జిషీటు చూసినా ఒకే వాక్యం: నిందితుడు ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో పొదల్లోంచి కత్తి తీసి ఇచ్చాడు. ఆ మధ్యవర్తులూ చాలాసార్లు స్టేషన్‌కి అలవాటైన మొహాలే. ఈ సెక్షన్‌కు హద్దు గీసిన తీర్పు మన గుంటూరు హత్య కేసులోనిదే. పులుకూరి కోటయ్య కేసుగా న్యాయ విద్యార్థులందరికీ తెలుసు. స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు లండన్‌లో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ చెప్పింది: ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తానని నిందితుడు చెబితే, దానివల్ల కొత్తగా కనుక్కున్నది కత్తిని కాదు, కత్తులను ఏనాడో కనుక్కున్నారు. అది అక్కడ ఉందని అతనికి తెలుసన్నదే తేలింది తప్ప, దానితో హత్య చేశాడని కాదు. తెల్లదొరలకు అర్థమైన ఈ చిన్న సంగతి డెబ్భై అయిదేళ్ల తర్వాత కూడా మన స్టేషన్లకు చేరలేదు.

చటాన్‌పల్లికి ఆ నలుగురినీ చీకట్లో తీసుకెళ్లింది ఈ రికవరీ పేరుతోనే. దిశ ఫోను, వాచీ, పవర్ బ్యాంకు చూపిస్తారని. 2008 డిసెంబరులో వరంగల్‌లో యాసిడ్ దాడి నిందితులు ముగ్గురు కాల్పుల్లో చనిపోయినప్పుడూ ఇలాంటి కథే విన్నాం. వస్తువుల కోసం తీసుకెళ్లాం, మా మీద తిరగబడ్డారు, కాల్చాం. అప్పుడూ చప్పట్లు, అప్పుడూ మిఠాయిలు. ఆ చప్పట్ల ప్రతిధ్వనే పదకొండేళ్ల తర్వాత చటాన్‌పల్లిలో వినిపించింది. ఒకసారి ఊరుకుంటే అదే పద్ధతైపోతుందని చెప్పడానికి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

అయినా ఇంకో కేసు చెప్పక తప్పదు. అది గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది కాబట్టి. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో లేడీస్ హాస్టల్లో ఒక బీఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. దిశ కేసులో లాగే అప్పుడూ రాష్ట్రమంతా రగిలిపోయింది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద యువకుణ్ని పట్టుకొచ్చి ఇతనే హంతకుడన్నారు. నేరం ఒప్పుకున్నాడన్నారు, శాస్త్రీయ ఆధారాలూ ఉన్నాయన్నారు. 2010లో సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ కేసును గుల్లగుల్ల చేసి, అతను నిర్దోషి అంది. పరిహారంగా లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపినందుకు లక్ష! అసలు హంతకుడెవరో 2022 నాటికీ తేలలేదు. విజయవాడ కోర్టులో ఉండాల్సిన ఆ కేసు వస్తువులు ధ్వంసమైపోయాయి. కేసు సీబీఐకి వెళ్లాక తెనాలిలో సమాధి తవ్వించి మళ్లీ పోస్టుమార్టం చేయించాల్సి వచ్చింది. ఎప్పుడో తెలుసా? 2019 డిసెంబరు 14న. చటాన్‌పల్లిలో పోలీసుల మీద పూలు చల్లిన ఎనిమిదో రోజు.

2008 ఆగస్టులో ఆ యువకుణ్ని రికవరీ కోసమని ఏ కృష్ణా ఒడ్డుకో తీసుకెళ్లి కాల్చేసి ఉంటే? ఆ రోజు మనం పూలే చల్లేవాళ్లం. పోలీసులకు రాఖీలు కట్టేవాళ్లం. 2017లో వచ్చిన తీర్పు వచ్చేదే కాదు. ఎందుకంటే అప్పీలు చేసుకోవడానికి మనిషి ఉండేవాడు కాదు. ఒక అమాయకుడు హంతకుడిగా చచ్చిపోయేవాడు, అసలు హంతకుడు మన మధ్యే హాయిగా తిరుగుతూ ఉండేవాడు. కేసు మాత్రం ఛేదించిన కేసుల పట్టికలో మెరిసిపోతూ ఉండేది.

ఇది మన ఒక్కరి కథే కాదు. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక స్కూల్లో రెండో తరగతి పిల్లవాడి గొంతు కోశారు. పోలీసులు గంటల్లో బస్సు కండక్టర్‌ను పట్టుకున్నారు. అతను టీవీ కెమెరాల ముందే నేరం ఒప్పుకున్నాడు. దేశమంతా ఉరి తీయమంది. సీబీఐ వచ్చి చూస్తే అతనికి ఆ హత్యతో సంబంధమే లేదు. అదే స్కూల్లో పదకొండో తరగతి చదివే విద్యార్థిని అరెస్టు చేసింది. కండక్టర్‌ను కాల్చేసి ఉంటే? మళ్లీ అదే ప్రశ్న. ఎన్నిసార్లయినా అడుగుతాం.

దిశ కేసులో ఆధారాలు లేవా? ఉన్నాయనే పోలీసులు చెప్పారు. పంక్చరు షాపు మనిషి మాట, సీసీ కెమెరాల్లో లారీ, పెట్రోలు కొన్న బంకు. అవి అంత గట్టివైతే కోర్టుకు వెళ్లడానికి భయమెందుకు? అవి పరీక్షకు నిలుస్తాయో లేదో ఇక ఎవరికీ తెలియదు. పైగా చేతిలో ఉన్న నిందితుల వయసెంతో కూడా సరిగ్గా తేల్చుకోలేని దర్యాప్తు అది. ఊళ్లోని బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్ చూస్తే తెలిసే విషయం. కమిషన్ ఆ రికార్డులు చూసే ముగ్గురు మైనర్లని తేల్చింది. అంత చిన్న పని చేయనివాళ్లు మిగతావి చేశారని నమ్మమంటే ఎలా?

నిజానికి కోర్టు దారి పనిచేయదన్న మాటే అబద్ధం. దిశ హత్యకు మూడు రోజుల ముందు ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకునే ఒక పేద మహిళను అలాగే చంపేశారు. సమత కేసు. నిందితులు ముగ్గురినీ పట్టుకున్నారు, ఛార్జిషీటు వేశారు, ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న మరణశిక్ష వేసింది. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే! అదే ఏడాది మే నెలలో వరంగల్ గొర్రెకుంటలో బావిలో తొమ్మిది శవాలు తేలాయి. వలస కుటుంబం, లాక్‌డౌన్ కాలం, చూసినవాళ్లు లేరు. సీసీ కెమెరాల్లో ఒక మనిషి రాకపోకలు పట్టుకుని, తీగ లాగితే డొంకంతా కదిలింది. అంతకుముందు చేసిన మరో హత్యను కప్పిపుచ్చుకోవడానికి ఆ తొమ్మిది మందినీ చంపాడని తేలింది. అక్టోబరు 28న కోర్టు మరణశిక్ష వేసింది. ఎక్కడా తుపాకీ పేలలేదు. పోలీసులు అదే రాష్ట్రం వాళ్లు, చట్టమూ అదే. మరణశిక్ష సరైనదా కాదా అన్నది వేరే చర్చ. దర్యాప్తు చేయాలనుకుంటే చేయగలరన్నదే ఇక్కడ విషయం.

మరి సమత కేసుకు కోర్టు ఎందుకు సరిపోయింది, దిశ కేసుకు ఎందుకు సరిపోలేదు? సమత కోసం టీవీ వ్యాన్లు రాలేదు. ఢిల్లీలో కొవ్వొత్తులు వెలగలేదు. నాయకుల మీద ఒత్తిడి లేదు. కాబట్టి దర్యాప్తు దానంతటది జరిగింది. దిశ కేసులో పోలీసు శాఖ పరువు పోయింది. ఆ రాత్రి కూతురు కనపడటం లేదని వెళ్లిన కుటుంబాన్ని మా పరిధి కాదంటూ తిప్పారు. ఎఫ్ఐఆర్ ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. వారం తిరిగేసరికి తూటాలు పేలాయి. ఆ ఆలస్యం గురించి అడిగే గొంతులన్నీ జేజేల్లో మునిగిపోయాయి. ఎవరికి లాభమైందో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

ఇందులో మా వృత్తికీ వాటా ఉంది. 'సత్వర న్యాయం' అని పతాక శీర్షికలు పెట్టినవాళ్లలో పత్రికలున్నాయి, ఛానెళ్లున్నాయి. ముసుగులేసిన నిందితుల వెనక వరసగా నిలబడే అధికారుల ఫొటోను ప్రశ్న అడగకుండా అచ్చేయడం మా అందరికీ అలవాటైపోయింది. పార్లమెంటులో ఒక సభ్యురాలు జనం మధ్యలో కొట్టి చంపాలన్నారు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో సాక్షాత్తూ అప్పటి ముఖ్యమంత్రి హ్యాట్సాఫ్ చెప్పారు. చట్టం చేసే సభల్లోనే చట్టాన్ని పక్కన పెట్టినందుకు సెల్యూట్ కొట్టారు. ఆ వెంటనే అదే సభ ఇరవై ఒక్క రోజుల్లో తీర్పంటూ దిశ బిల్లు పాస్ చేసింది. కోర్టు అక్కర్లేదని మెచ్చుకున్న నోటితోనే కోర్టు వేగంగా పనిచేయాలనడం ఎలా కుదురుతుందో మాకు నేటికీ అర్థం కాలేదు.

డీఎన్‌ఏ పరీక్షలకు దేశానికి దారి చూపింది హైదరాబాదే. 1995లో ఢిల్లీ తందూర్ హత్య కేసులో కాలిపోయిన శవం ఎవరిదో తేల్చింది ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ బృందం. డీఎన్‌ఏ కోసమే ప్రత్యేకంగా పెట్టిన సీడీఎఫ్‌డీ కూడా ఈ ఊళ్లోనే ఉంది. అంత సరంజామా పెట్టుకుని, హత్య కేసును తెల్లవారకముందే పొదల దగ్గర ముగించారు. శాంతిభద్రతలు చూసే పోలీసులను, దర్యాప్తు చేసే పోలీసులను వేరు చేయమని సుప్రీంకోర్టు 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. ఏళ్లు గడిచినా బందోబస్తుకు వెళ్లే ఇన్‌స్పెక్టరే హత్య కేసూ చూస్తున్నాడు. వాళ్లకు మనుషులనివ్వరు, టైమివ్వరు. ఇరవై నాలుగు గంటల్లో ఛేదించాలని పై నుంచి ఫోన్లు మాత్రం వస్తాయి.

బంతిని 2022లో సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది. నివేదికను మూసిపెట్టమని అడిగింది అప్పటి ప్రభుత్వమే. ముందు ఆ పదిమంది మీద ఎఫ్ఐఆర్ పెట్టమనండి. వాళ్లకు లాయరు ఉంటాడు, వాదన వింటారు, సాక్షులను ప్రశ్నిస్తారు, శిక్ష పడితే అప్పీలుంటుంది. చటాన్‌పల్లిలో ఆ నలుగురికీ ఇవ్వనివన్నీ వాళ్లకు దక్కుతాయి. దక్కాలి కూడా. పోలీసుల మీద పూలు చల్లినవాళ్లూ, నలుగురు పోయినందుకు మిఠాయిలు పంచినవాళ్లూ ఈసారైనా విచారణ పూర్తయ్యేదాకా నోరు మూసుకుని కూర్చుంటే చాలు.