త్సోంగ్ మీద చక్రవర్తి పద్యం

చైనా ప్రాచీన జేడ్ (గట్టి విలువైన రాయి) వస్తువుల గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ అసలుదా, నకిలీదా అన్న దగ్గరే ఆగిపోతుంది. కొనేవాడికి ఆ ప్రశ్న అవసరమే. కానీ ఈ పూజాసామగ్రికి నకలు తీసినవాళ్ల కంటే, అసలును చేతిలో పెట్టుకొని తోచిన అర్థం అంటగట్టినవాళ్లే ఎక్కువ చేటు చేశారు.

చైనాలోని హాంగ్జౌ దగ్గర సుమారు ఐదు వేల ఏళ్ల కిందట వర్ధిల్లిన లియాంగ్జూ సంస్కృతి వాళ్ల ‘త్సోంగ్’ అనే జేడ్ వస్తువు సంగతే చూడండి. బయట నలుచదరం, లోపల గుండ్రటి రంధ్రం. 1986లో ఫాన్షాన్ సమాధుల్లో దొరికిన పెద్దది ఎత్తు తొమ్మిది సెంటీమీటర్లు కూడా లేదు, బరువు మాత్రం ఆరున్నర కిలోలు. దాని మీది దేవతా ముఖంలో మిల్లీమీటరు వెడల్పులో నాలుగైదు గీతలు ఇమిడిపోయాయి. అప్పటికి లోహపు పనిముట్లు లేవు. జేడ్‌ను తడి ఇసుకతో రాపాడించి అరగదీయాల్సిందే.

18వ శతాబ్దంలో ఇలాంటివి చియాన్‌లాంగ్ చక్రవర్తి చేతికి చిక్కాయి. రథపు కర్రకు తొడిగే తొడుగులనుకున్నాడు. కొన్నింటి లోపల లోహపు గొట్టం దింపించి పూలకుండీలు చేశాడు. నలభై వేలకు పైగా కవితలు తన పేరిట ఉన్న మహానుభావుడు, పద్యం చెక్కించకుండా ఊరుకుంటాడా! తైపీ జాతీయ ప్యాలెస్ మ్యూజియంలోని ఒక త్సోంగ్‌ను ఆ పద్యం చదవడానికి వీలుగా నిలబెడితే ముఖాలు తలకిందులవుతాయి. ఆ గుండ్రటి కళ్లు ఆస్థానంలో ఒక్కరికీ కనిపించలేదా? కనిపించే ఉంటాయి. ప్రభువుకు చెప్పేదెవరు?

అంతకు ఎన్నో శతాబ్దాల ముందే దక్షిణ సోంగ్ వంశ కాలపు (12-13 శతాబ్దాలు) లాంగ్‌చువాన్ కుమ్మరులు అదే ఆకారాన్ని పచ్చటి పింగాణీ కూజాగా మలిచారు. అడుగు మూశారు, ముఖాలు వదిలేసి అడ్డగీతలు ఉంచుకున్నారు. అసలు మీద గీత పడలేదు.

కొత్త రాయిని కాల్చి, దానికి రంగు పట్టించి, సమాధిలోంచి తీసినట్టు అమ్మే మోసగాళ్ల వల్ల చరిత్రే కలుషితమవుతుందనేవాళ్లూ ఉన్నారు. నిజమే, ఆ బెడద మింగ్ వంశ కాలానికే (14-17 శతాబ్దాలు) ఉంది. అయితే ఆ దొంగతనం పనితనం దగ్గర ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడుతుంది. గ్రంథం పేరిట అతికించిన అర్థం మాత్రం దర్జాగా చలామణీ అవుతుంది.

ప్రాచీన చైనా ఆచార గ్రంథం ‘జౌ లీ’, నడుమ రంధ్రం ఉండే నీలి ‘బీ’ జేడ్ బిళ్లతో ఆకాశాన్ని, పసుపు త్సోంగ్‌తో భూమిని పూజించాలంటుంది. దాని కూర్పు లియాంగ్జూ అంతరించిన దాదాపు రెండు వేల ఏళ్ల తరవాతిది. లియాంగ్జూవాళ్లు తమ దేవుళ్ల గురించి మనం చదవగల ఒక్క వాక్యమూ మిగల్చలేదు. అయినా ఆకాశం, భూమి అన్న ఆ సూత్రమే నేటికీ వల్లెవేస్తున్నారు. ప్రత్యక్షం ఎదుట ఉన్నా గ్రంథానికే పెద్దపీట వేసే ఈ జబ్బు ఒక్క చైనాది కాదు. ఏ సమాధిలో, శవానికి ఏ పక్కన, వేటితో కలిసి దొరికిందో మ్యూజియం పలక మీద ముందు రాయమనండి. ‘జౌ లీ’ వాక్యం కింద చిన్న అక్షరాల్లో ఉంటే చాలు.