రాత్రికి రాత్రే దొరికే పెయింట్

ఎవరో పెద్దాయన వస్తున్నారంటే చాలు, తెల్లారేసరికి రోడ్డు మీద తెల్లగీతలు తళతళలాడతాయి. ఆ రాత్రి టెండరు అడ్డురాదు, నిధుల కొరత గుర్తుకురాదు. కాన్వాయ్ వెళ్లిపోయాక అదే జీబ్రా క్రాసింగ్ టైర్ల కింద అరిగి, ఉందో లేదో తెలియకుండా పోతుంది. మళ్లీ వేయమని నడిచేవాళ్లు అడిగితే 'ప్రతిపాదన పంపాం' అంటారు. ఆ పెయింట్ ఎవరి కోసమో నగరానికి అర్థమైపోయింది.

మలుపులో ఒక వ్యాన్ ఆగి ఉంటుంది. బడిసంచి తగిలించుకున్న ఎనిమిదేళ్ల పిల్ల దాని ముందు నుంచి రోడ్డు మీదకు ఒకడుగు వేస్తే తప్ప వచ్చే బండి కనబడదు. డ్రైవర్‌కూ ఆ పిల్ల కనబడేది అప్పుడే. ఆ మూల ఐదారు మీటర్ల మేర బండ్లు ఆపనివ్వకపోతే ఇద్దరికీ చూపు ఆనుతుంది. అందుకు కావలసినవి నాలుగు ప్లాస్టిక్ స్తంభాలు, రెండు గీతలు. అమెరికాలోని హొబోకెన్ అనే నగరం, రోడ్లు కొత్తగా వేసినప్పుడల్లా మూలలను ఇలా ఖాళీ చేయించుకుంటూ వచ్చింది. 2017 జనవరి తర్వాత ఏళ్ల తరబడి అక్కడ రోడ్డు ప్రమాదంలో ఒక్క ప్రాణమూ పోలేదు. అది చిన్న ఊరు కదా అంటారేమో. పెద్ద ఊళ్లో పెయింట్ అంటదా?

సిగ్నల్ సంగతి ఇంకా విడ్డూరం. టైమింగ్ మార్చడానికి సిమెంటు బస్తా కూడా అక్కర్లేదు. బండ్లకు పచ్చలైటు పడే ముందే నడిచేవాళ్లకు 3 నుంచి 7 సెకన్లు ఇస్తే, బండి మలుపు తిరిగేలోపు వాళ్లు డ్రైవర్ కళ్లెదుట ఉంటారు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని సిగ్నల్ లెక్కల్లో సాధారణంగా వేసుకుంటారు. అంటే 12 మీటర్ల రోడ్డుకు 10 సెకన్లు. చేతికర్రతో నడిచే ముసలమ్మకు 15 పడుతుంది. ఆమె ఇంకా రోడ్డు మధ్యలో ఉండగానే హారన్లు మొదలు.

పార్కింగ్ పోతుందని వ్యాపారులు, ట్రాఫిక్ నెమ్మదిస్తుందని వాహనదారులు అంటున్నారు. వాళ్ల ఇబ్బంది కాదనం. కానీ పెద్దాయన వచ్చిన రోజు అదే మూల నుంచి అవే బండ్లను గంటలో తీయించారు కదా, అప్పుడు ఎవరి ఇబ్బంది లెక్కలోకి వచ్చింది? ప్రయోగానికి భయమైతే 2009లో న్యూయార్క్ చేసింది చూడండి. టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వే అనే రోడ్డు మీదకు వాహనాలు రానివ్వకుండా, మామూలు మడతకుర్చీలు వేసింది. ఫలితం చూసుకున్నాకే దాన్ని శాశ్వతం చేసింది.

గీతలతోనే అన్నీ తీరవు. వేగం తగ్గాలి, ఫుట్‌పాత్ మనిషి నడిచేలా ఉండాలి. ఏటా ప్రపంచంలో రోడ్డు ప్రమాదాల్లో పోయే దాదాపు 11.9 లక్షల మందిలో ఐదింట ఒకరికి పైగా కాలినడకన వెళ్లేవాళ్లే. అయినా ఫ్లైఓవర్‌కు శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. పెయింట్ డబ్బాకు అవేవీ ఉండవు. అసలు అడ్డంకి ఇదే. డబ్బుల్లేవన్న మాట ఇకనైనా మానండి.

ఆ వ్యాన్ ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీయించడానికి ఏ కన్సల్టెంట్ నివేదిక రావాలి? మళ్లీ ఎవరో పెద్దాయన వచ్చేదాకా ఆగాల్సిందేనంటే, ఆ తేదీ ఏదో చెప్పండి. అందాకా పిల్లలను ఆ రోడ్డు దాటనివ్వం.