నన్ను ఒప్పించే పుస్తకం వద్దు

మూడు నెలలుగా మా చర్చిలో ఆదివారం పూజకు వచ్చి, చివరి బెంచీలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతున్న నా స్నేహితురాలు ఒక రాత్రి ఫోన్ చేసింది. "కతోలిక్ అవుదామా అని ఆలోచిస్తున్నానే. చదవడానికి ఏమైనా చెప్పు. కానీ నన్ను ఒప్పించే పుస్తకం వద్దు, నాకు అర్థమయ్యే పుస్తకం కావాలి" అంది.

ఫోన్ పెట్టేసి అలమరా ముందు నిలబడ్డాను. అరగంటలో బల్ల మీద పదకొండు పుస్తకాలు చేరాయి. నేను పుట్టుకతోనే కతోలిక్‌ని. నన్ను ఏడిపించినవి, నా సందేహాలు తీర్చినవి, పదేపదే చదివినవి అన్నీ అందులో ఉన్నాయి. వాటిని చూస్తూ ఉంటే మెల్లగా తెలిసొచ్చింది, తను త్వరగా మా వైపు వచ్చేయాలన్న ఆత్రంతో తీసిన పుస్తకాలవి. తను ఏ మాట దగ్గర ఆగిపోయిందో నేను అడగనే లేదు. పదింటిని మళ్లీ సర్దేశాను.

ఇలాంటి ఆలోచనలో ఉన్న మనిషికి పుస్తకం ఇచ్చేటప్పుడు "వద్దు" అనడానికి కూడా చోటు ఉంచి ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, చెప్పేదీ అదే. ఎవరినీ వాళ్ల మనస్సాక్షికి విరుద్ధంగా విశ్వాసంలోకి బలవంతంగా తీసుకురాకూడదని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 748వ నియమంలో స్పష్టంగా రాసుంది. పెద్దవాళ్లు జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి) సిద్ధపడే పద్ధతిని 1972లో మళ్లీ రూపొందించినప్పుడు కూడా దాన్ని దశలు దశలుగానే పెట్టారు. మొదటి దశ మొత్తం అడగడానికీ, వినడానికీ, చూడడానికీ. శ్రీసభే అంత వ్యవధి ఇస్తుంటే, స్నేహితులం మనకెందుకు తొందర?

బల్ల మీద మిగిలిన ఆ ఒక్కటీ మార్కు సువార్త, బైబిల్లో యేసు జీవితం చెప్పే నాలుగు గ్రంథాల్లో ఒకటి. పదహారే అధ్యాయాలు. నాలుగు సువార్తల్లోకీ చిన్నది, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. పోపు గురించో, మరియమాత గురించో వాదనలు చదివే ముందు అసలు ఈ యేసు ఎవరో తెలియాలి కదా. ఆయన మీద నమ్మకం కుదరని మనిషికి మిగతావన్నీ తెలిసినా ఏం లాభం?

బైబిల్ ఇచ్చేటప్పుడు ఒకటి మాత్రం చూసుకోండి. కతోలిక బైబిల్లో 73 గ్రంథాలుంటాయి, ప్రొటెస్టెంట్ బైబిల్లో 66. తోబితు, యూదితు, మక్కబీయుల గ్రంథాల వంటివి రెండోదాంట్లో ఉండవు. పూజలో విన్న వచనం ఇంటికెళ్లి వెతికితే దొరకకపోతే కొత్తగా చదివే మనిషి తికమకపడుతుంది.

వారం తర్వాత కలిసింది. రెండో అధ్యాయం దగ్గర పెన్సిల్‌తో పెద్ద ప్రశ్నార్థకం పెట్టి ఉంది. పక్షవాతంతో ఉన్న మనిషిని పైకప్పు విప్పి కిందికి దించే ఘట్టం అది. నీ పాపాలు క్షమించాను అని యేసు అంటే, అక్కడున్న శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్ర బోధకులు, దేవుడు తప్ప ఇంకెవరు క్షమించగలరని మనసులో అనుకుంటారు. "నా ప్రశ్న వీళ్లు ముందే అడిగేశారే" అంది. "పాపసంకీర్తనం అనే మాట విని పాడతారేమో అనుకున్నాను. తీరా అది చేసిన పాపాలను ఫాదర్‌కు, అంటే ఒక మనిషికి చెప్పుకోవడమట. దేవుడికి చెబితే చాలదా?"

అప్పుడు తీశాను కతోలిక సత్యోపదేశం, శ్రీసభ బోధనలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం. 1992లో రెండో జాన్ పాల్ పోపు ఆమోదించిన గ్రంథం, 2865 పేరాలు. దీన్ని మొదటి పేజీ నుంచి చదవమని చేతికిస్తే ఎంత ఆసక్తి ఉన్నవాళ్లైనా నెలలోపే పక్కన పెట్టేస్తారు. కానీ ప్రశ్నతో తెరిస్తే అంత మంచి పుస్తకం లేదు. 1441వ పేరా పాపాలను క్షమించేవాడు దేవుడొక్కడే అన్న మాటతోనే మొదలవుతుంది, తను ప్రశ్నార్థకం పెట్టిన మార్కు రెండో అధ్యాయాన్నే చూపిస్తుంది. 1467వ పేరా దగ్గర తను చాలాసేపు ఆగింది. విన్న ఫాదర్ ఆ విషయం ఎవరికీ చెప్పకూడదు, చెబితే కఠిన శిక్ష. "ఎవరికీనా?" అని రెండుసార్లు అడిగింది. ఒప్పుకుందని నేననను. కానీ ప్రశ్న పక్కన ఇప్పుడు ఇంకో ప్రశ్న రాసుకుంది.

మిగతా పుస్తకాల విషయానికొస్తే, క్రైస్తవ రచయిత సీ.ఎస్. లూయిస్ 'మియర్ క్రిస్టియానిటీ'ని చాలామంది ముందుగా ఇచ్చేస్తారు. మంచి పుస్తకమే. కానీ ఆయన కతోలిక్ కాలేదు, పైగా తన పుస్తకం గదుల్లోకి, అంటే వేర్వేరు క్రైస్తవ సంఘాల్లోకి, దారితీసే హాలు లాంటిదనీ, ఏ గదిలోకి వెళ్లాలో తాను చెప్పననీ ఆయనే రాసుకున్నారు. గది ముందు నిలబడ్డ మనిషికి మళ్లీ హాలు చూపించి ఏం చేస్తాం? ఇంగ్లండ్‌లోని ఆంగ్లికన్ సంఘం వదిలి కతోలిక్ అయిన న్యూమన్ 1864లో రాసిన ఆత్మకథ గొప్పది, కానీ అది ఆ సంఘం లోపలి వివాదాల మధ్య, తన మీద వచ్చిన ఆరోపణకు జవాబుగా పుట్టింది. వేరే సంఘంలో పెరిగి, అక్కడి స్నేహాలు పోతాయేమోనని టెన్షన్ పడేవాళ్లకు అది ప్రాణం. నా స్నేహితురాలికి కాదు. ఇంట్లోవాళ్లు ఏమంటారోనన్న భయం ఉన్నవాళ్లకు నేను అమెరికా పాత్రికేయురాలు డొరతీ డే ఆత్మకథ ఇస్తాను. 1927లో ఆమె జ్ఞానస్నానం తీసుకోవడమంటే తన బిడ్డ తండ్రిని వదులుకోవడమే. ఆ బాధను ఆమె ఎక్కడా దాచలేదు.

ఈడిత్ స్టైన్ కథ చెప్పి, సరైన పుస్తకం ఒక్క రాత్రిలో మనిషిని మార్చేస్తుందనేవాళ్లు ఉంటారు. యూదు కుటుంబంలో పుట్టిన ఈ తత్త్వవేత్త 1921లో స్పెయిన్‌కు చెందిన పునీతురాలు అవిలా తెరెసా ఆత్మకథ చదివి, 1922 జనవరి 1న జ్ఞానస్నానం తీసుకుంది. నిజమే. కానీ అంతకు నాలుగేళ్ల ముందు, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న స్నేహితురాలు విశ్వాసంతో నిలబడిన తీరును ఆమె కళ్లారా చూసింది. ఆ రాత్రి వెనుక ఆ ఏళ్లన్నీ ఉన్నాయి. పుస్తకం ఇచ్చేసి మన పని అయిపోయిందనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఇంకొకటి, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. శ్రీసభ చేసిన తప్పుల గురించి నిజాయితీగా రాసిన చరిత్ర పుస్తకం ఒకటి కూడా ఇవ్వండి. భిన్నంగా నమ్మినవాళ్లను విచారించి శిక్షించిన మతవిచారణల గురించి, ఫాదర్లు పిల్లల మీద చేసిన అఘాయిత్యాల గురించి, వాటిని కప్పిపెట్టిన బిషప్‌ల గురించి తను మన నోటే వినాలి. శ్రీసభ బిడ్డల పాపాలకు 2000 మార్చి 12న పోపే అందరి ముందూ క్షమాపణ వేడుకున్నారు. మనం దాచడంలో అర్థం లేదు. తర్వాత ఎక్కడో తెలిస్తే, దాచిపెట్టిన స్నేహాన్ని కూడా తను నమ్మదు. పిల్లల సంగతి నేనే ఎత్తినప్పుడు తను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "చెప్పినందుకు థాంక్స్" అని మాత్రం అంది.

పునీత అగస్టీన్ తన జీవితం గురించి రాసుకున్న 'ఒప్పుకోలు' ఇంకా నా అలమరాలోనే ఉంది. అడిగినప్పుడు ఇస్తాను, మొదటి తొమ్మిది భాగాలు చదివితే చాలని చెప్పి. జ్ఞాపకం, కాలం, సృష్టి గురించిన చివరి నాలుగూ తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు తను మార్కు సువార్త రెండోసారి చదువుతోంది. నిన్న మళ్లీ ఫోన్. అన్నిటికంటే ప్రాచీనమైన కొన్ని ప్రతుల్లో ఈ సువార్త పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతుందని కింది నోట్‌లో చూసిందట. యేసు సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు ఆయన తిరిగి లేచాడన్న మాట విని భయపడి పారిపోతారు, ఎవరితోనూ ఏమీ చెప్పరు, అక్కడితో అయిపోతుంది. "వాళ్లు ఎవరికీ చెప్పకపోతే మరి మనకెలా తెలిసిందే?" అంది.

దీనికి పుస్తకం వెతకలేదు. ఆదివారం పూజ అయ్యాక వెళ్లిపోకుండా ఆగమన్నాను, కూర్చుని మాట్లాడుకుందామని.