రెండు అచ్చులు కలిసి నడిస్తే

ఇంగ్లీషు మీడియం బడుల్లో పసిపిల్లలకు ఒక సూత్రం నేర్పుతారు. రెండు అచ్చులు కలిసి నడుస్తున్నప్పుడు మొదటిదే మాట్లాడుతుందట, రెండోది నోరు మెదపదట. వానకు ఉన్న ఇంగ్లీషు మాటలో ‘ఏ’ పలుకుతుంది, పక్కనున్న ‘ఐ’ మౌనం వహిస్తుంది. పడవకు ఉన్న మాటలో ‘ఓ’ పలుకుతుంది, ‘ఏ’ ఊరికే తోడు నడుస్తుంది. ఈ సూత్రానికి ఇంగ్లీషులో అంత్యప్రాస కూడా కుదిరింది. ఇంత చక్కగా ప్రాస కుదిరినది అబద్ధం ఎలా అవుతుందని ఫీజు కట్టిన తల్లిదండ్రుల నమ్మకం.

1963లో థియోడర్ క్లైమర్ అనే అమెరికన్ ఆచార్యుడు ప్రాథమిక తరగతుల వాచకాల్లోని మాటలు పోగుచేసి, ఈ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో లెక్కకట్టాడు. నూటికి 45 మాటల్లో నిలిచింది. నాణెం ఎగరేసి చదివినా అంతకంటే మెరుగే. అయినా సూత్రాన్ని ఎవరూ రద్దు చేయలేదు. చేయరాదని నా మనవి కూడా. సగానికి పైగా తప్పే నియమాన్ని, తప్పిన ప్రతిసారీ పిల్లవాడినే తప్పుపడుతూ, ఇన్ని దశాబ్దాలుగా గంభీరంగా బోధించగలుగుతున్న వ్యవస్థ నుంచి మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

మనకు ఆ పరిణతి ఇంకా రాలేదు. తెలుగు అక్షరం మాట ఇచ్చిందంటే తప్పదు. తలకట్టు ఉంటే అకారమే, గుడి ఉంటే ఇకారమే, కొమ్ముకు దీర్ఘమిస్తే ఊకారమే. సంస్కృతానికి అక్కర్లేని పొట్టి ఎకారానికీ పొట్టి ఒకారానికీ కూడా వేరే గుర్తులు పెట్టుకున్నాం. గుణింతం వచ్చిన మూడో తరగతి పిల్ల దినపత్రికలో ఏ మాటనైనా, అర్థం తెలియకపోయినా, గడగడా చదివేస్తుంది. ఇందులో సాహసం ఎక్కడుంది? ఇక రెండు అచ్చులు పక్కపక్కన చేరితే మన వ్యాకరణం దాన్ని శాంతిభద్రతల సమస్యగా చూస్తుంది. వెంటనే సంధి చేసి ఒకదాన్ని తప్పిస్తుంది. సంధి కుదరకపోతే రెండింటి నడుమ యకారాన్ని కాపలా పెట్టి, దానికి యడాగమం అని హోదా ఇస్తుంది. మా అమ్మ మాయమ్మ అయ్యేది ఆ కాపలా వల్లనే.

ఒక్క చోట మాత్రం మన వ్యాకర్తలు కాలం కంటే ముందు నడిచారు. అది ‘బహుళం’. ఒక్కోసారి సంధి తప్పక జరుగుతుంది, ఒక్కోసారి జరగనే జరగదు, ఒక్కోసారి జరిగినా మానినా ఒకటే, ఒక్కోసారి ఇంకేదో జరుగుతుంది. మనవాళ్లు దీన్ని కొన్ని సూత్రాలకు పరిమితం చేసి చేతులు కడుక్కున్నారు. ఇంగ్లీషువారు మొత్తం భాషకే రాజ్యాంగం చేసుకున్నారు.

‘ఈ’, ‘ఏ’ అనే అక్షరాల జంటను తీసుకుందాం. సముద్రంలో (వారి సముద్రంలో) అది ఈకారం. బ్రెడ్‌లో ఎకారం. గ్రేట్‌లో ఏకారం. హార్ట్‌లో ఆకారం. ఎర్త్‌లో మన వర్ణమాలకు అందని మరేదో. ఐడియాలో, క్రియేట్‌లో జంట విడాకులు తీసుకుని ఎవరి పలుకు వారు పలుకుతారు, అదీ రెండు చోట్లా రెండు రకాలుగా. ఓషన్‌లో జంట కంటికి కనబడుతుంది, చెవికి ఆనదు. ఇక చదవడం అనే క్రియ ఉందే, అది ఇవాళ చదివితే రీడ్, నిన్న చదివి ఉంటే రెడ్. రాత మాత్రం ఒకటే. కాబట్టి ఇంగ్లీషులో ‘చదివాను’ అన్న మాటను సరిగా చదవాలంటే ముందు వాక్యమంతా చదివి, ఎప్పుడు చదివారో తెలుసుకుని, మళ్లీ వెనక్కి వచ్చి చదవాలి.

బాధ్యులెవరని విచారణ జరిపితే నిందితులందరూ ఎప్పుడో చనిపోయారు. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టాడు. సరిగ్గా అదే రోజుల్లో, అంటే సుమారు 1400 నుంచి 1700 వరకు, ఇంగ్లండు ప్రజల నోళ్లలో దీర్ఘాచ్చులు చాలావరకు ఒక్కో మెట్టు పైకి జరుగుతున్నాయి. అచ్చుయంత్రం అచ్చులను కదలకుండా పట్టుకుంది, నోళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి. మాంసానికీ కలుసుకోవడానికీ అప్పట్లో పలుకు వేరు. ఆ తేడా చూపడానికే ఒకదానికి ‘ఈ-ఏ’, రెండోదానికి ‘ఈ-ఈ’ అని పెట్టుకున్నారు. తరవాత పలుకులు రెండూ కలిసి మీట్ అయ్యాయి, స్పెల్లింగులు మాత్రం భాగాలు పంచుకున్న అన్నదమ్ముల్లా విడివిడిగానే మిగిలాయి. 1714లో అలెగ్జాండర్ పోప్ తన కావ్యంలో తేనీటిని ‘ఒబే’ అన్న మాటకు ప్రాసగా వేశాడు. అంటే ఆయన తాగింది టీ కాదు, టే. ప్రాసకు కట్టుబడిన కవి మాట కంటే గట్టి సాక్ష్యం తెలుగువాళ్లకు అక్కర్లేదు.

సంస్కర్తలు లేకపోలేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1789లోనే బ్రెడ్, హెడ్ మాటల్లోంచి పని లేని ‘ఏ’ను తీసేయమన్నాడు. ప్రజలు ఆయన నిఘంటువును తీసుకున్నారు, సలహాను తీసుకోలేదు. కలర్ వంటి మాటల్లో ‘యూ’ను మాత్రం దయతలచి వదులుకున్నారు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సులువైన స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించి, చట్టసభ కళ్లెర్రజేయడంతో ఆ ఏడాదిలోనే వెనక్కి తగ్గాడు. బెర్నార్డ్ షా కొత్త లిపి కోసం వీలునామాలో డబ్బు రాసి 1950లో కన్నుమూశాడు. లిపి తయారైంది, 1962లో ఆయన నాటకం ఒకటి అందులో అచ్చయింది, ఇంగ్లీషు తన దారిన తాను పోయింది.

ఈ మొండితనంలోని సామాజిక ప్రయోజనాన్ని మనం గుర్తించాలి. అక్షరాలు వచ్చిన ప్రతివాడూ చదివేయగలిగితే చదువుకున్నవాడికి మర్యాద ఏముంటుంది? నల్లమల అంచు పల్లెలో పుట్టి, చిరుతపులిని కళ్లారా చూసిన కుర్రాడు ఇంటర్వ్యూలో దాన్ని లియోపార్డ్ అంటాడు. రాసి ఉన్నది అదే మరి. జంతుప్రదర్శనశాలలో తప్ప ఆ జంతువును చూడని పెద్దమనిషి, ‘ఓ’ను మింగేసి లెపర్డ్ అనాలని ఎవరి నోటనో విని ఉన్నవాడు, బల్లకు అవతలి వైపు చిన్నగా నవ్వుతాడు. స్పెల్లింగు ఎవరికీ పలుకు చెప్పదు. ఎవరింట్లో ముందే చెప్పారో కనిపెట్టి పెడుతుంది. పెట్టుబడి లేకుండా ఇంత చవకగా మనుషులను వడపోసే యంత్రం మన ఏ లిపిలోనూ లేదు.

మనవాళ్లు ఈ యంత్రాన్ని ద్వేషించలేదు, అందులో పతకాలు సాధించారు. అమెరికాలో 1925 నుంచి జరుగుతున్న జాతీయ స్పెల్లింగ్ పోటీలో ఈ శతాబ్దమంతా భారతీయ కుటుంబాల పిల్లలదే పైచేయి. అందులో తెలుగిళ్ల పిల్లలూ తక్కువేమీ లేరు. 2019లో నిర్వాహకుల దగ్గర తగినంత కష్టమైన మాటలు అయిపోవడంతో ఏకంగా ఎనిమిది మందిని విజేతలుగా ప్రకటించారు. ఆ రాత్రి గెలిపించిన మాటల్లో ఒకటి బోగన్‌విలియా. ‘ఓ-యూ’, ‘ఏ-ఐ’, ‘ఈ-ఏ’ మూడు జంటలూ ఒకే మాటలో కాపురముంటాయి, చివరి రెండూ బడి సూత్రాన్ని పాటించవు. మన పెరట్లో అవి కాగితం పూలు, వాటికి పతకాలు ఇవ్వరు.

ఇక మన ఊళ్ల సంగతి. కుంపిణీ దొరలు మొదట్లో చెవికి ఎలా సోకితే అలా, తమ ఇంగ్లీషు అలవాటు ప్రకారం రాసుకున్నారు. ఊకారం వినిపిస్తే రెండు ‘ఓ’లు, ఈకారానికి రెండు ‘ఈ’లు, అకారానికి ‘యూ’. 1816లో క్యాంప్‌బెల్ దొర అచ్చువేసిన వ్యాకరణం ముఖపత్రం మీద తెలుగు అనే పేరులో నాలుగు ‘ఓ’లు ఉన్నాయి. 1840లో బ్రౌన్ దొర వ్యాకరణం వచ్చేసరికి నాలుగు ‘ఓ’లూ పోయి రెండు ‘యూ’లు మిగిలాయి. ఇరవై నాలుగేళ్లలో భాష నడుము ఇంతగా సన్నబడటం ప్రపంచ చరిత్రలో అరుదు. (ఆ బ్రౌన్ అన్న పేరులోనే ‘ఓ-డబ్ల్యూ’ ఉంది. అదే జంట స్లో అన్న మాటలో ఓకారం. దొరను మనవాళ్లు ఎవరూ బ్రోన్ అనకపోవడం మన సంస్కారం.) సంస్కృత పండితుడైన విలియం జోన్స్ దొర చూపిన దారిలో, గెజిటీర్ల హంటర్ దొర పేరు మీదుగా, 19వ శతాబ్దం చివరి భాగంలో ప్రభుత్వం ఒక పద్ధతి ఖాయం చేసింది: ఇకపై ‘యూ’ అంటే ఉకారం. జనం నోట నలిగిన పేర్లను మాత్రం పాతగానే వదిలేసింది. ఏ పేరు నలిగింది, ఏ పేరు నలగలేదు అన్నది ఒక్కో ఊరి జాతకం.

గుంటూరు, చిత్తూరు, నెల్లూరు, ఏలూరు. నాలుగింటి చివరా ఉన్నది ఒకటే ఊరు. ఇంగ్లీషులో గుంటూరు చివరి ఊరుకు ఒక ‘యూ’, చిత్తూరు ఊరుకు రెండు ‘ఓ’లు, నెల్లూరు ఊరుకు ఒక ‘ఓ’, తోకగా ఒక ‘ఈ’, ఏలూరు ఊరుకు రెండు ‘యూ’లు దక్కాయి. కర్ణాటకవారు 2014లో బెంగళూరు, మంగళూరుల తోకలు కత్తిరించుకున్నారు. నెల్లూరు తోక నెల్లూరుకే ఉంది. ఇక కర్నూలు స్పెల్లింగులో ‘యూ’ అంటే అకారం. గుంటూరులో మొదటి ‘యూ’ ఉకారం, రెండో ‘యూ’ ఊకారం. కర్నూలులో బస్సెక్కిన ‘యూ’ గుంటూరులో దిగేలోపు రెండుసార్లు వేషం మారుస్తుందన్నమాట. కడపలో ఉన్నవి మూడు అకారాలు. దొరలు మొదటిదానికి ‘యూ’, మిగిలినవాటికి ‘ఏ’ ఇచ్చి, చివర ‘హెచ్’ ఒకటి ఉచితంగా కలిపారు. 2005లో ప్రభుత్వం పెద్దమనసు చేసుకుని మూడింటికీ ‘ఏ’లు మంజూరు చేసింది. వర్ణాల మధ్య సమానత్వం ఇంత స్పష్టంగా అమలైన సందర్భం నాకు మరొకటి గుర్తు రావడం లేదు.

మనుషుల పేర్లు ఊళ్ల పేర్ల కంటే ముందుకు పోయాయి. బడిలో నేర్పిన సూత్రం ప్రకారం ‘ఏ-ఐ’ జంటను ఏకారంగా చదివితే నాయుడు గారు ‘నేడు’ అవుతారు. ఆగస్టులో పలికినట్టు ‘ఏ-యూ’ జంటను ఆకారంగా చదివితే గౌరి ‘గారి’ అవుతుంది. అలా నేడు గారి పక్కన గారి గారు కూర్చుంటే, వీరిద్దరి పెళ్లి శుభలేఖను లండనులో చదివేవాడి అవస్థ ఊహించండి. రావుకు ‘ఏ-ఓ’ రాస్తాం. ఆ జంట ఇంగ్లీషులో కనబడేదే కొద్ది మాటల్లో, వాటిలో ముఖ్యమైనది గందరగోళం అనే అర్థమున్న కేయాస్. శ్రీనివాసరావు సంగతి ఇంకా గట్టిది. పదో తరగతి మెమోలో ‘శ్రీ’కి రెండు ‘ఈ’లు, పాస్‌పోర్టులో ఒక ‘ఐ’ పడిందా, ఒకే మనిషి చట్టం దృష్టిలో ఇద్దరవుతాడు. ఆ ఇద్దరూ తానొక్కడేనని స్టాంపు కాగితం మీద, నోటరీ ముందు ప్రమాణం చేయాలి. అద్వైతాన్ని ఇంత తక్కువ రుసుముకు నిరూపించే సౌకర్యం శంకరాచార్యులవారికి లేదు. ఆ ప్రమాణ పత్రం పట్టుకుని వెళ్లి చూపవలసిన ఆధార్ కార్డు మీద, ఆధార్ అన్న మాటకు మాత్రం రెండు దీర్ఘాలకూ రెండేసి ‘ఏ’లు పొందికగా ఉంటాయి. తన దీర్ఘాలను తాను జాగ్రత్త చేసుకోవడంలో ప్రభుత్వానికి లోటు లేదు. మన దీర్ఘాలను మాత్రం సంఖ్యాశాస్త్రం జ్యోతిష్కుడు చూసుకుంటాడు. పేరులో ఇంకో ‘ఏ’ పెడితే కలిసొస్తుందంటాడు. పలుకు మారదు కాబట్టి పిలిచేవాళ్లకు తెలియదు, గ్రహాలకు మాత్రం తెలుస్తుంది. గ్రహాలు ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తాయన్న సంగతి మన పంచాంగకర్తలు ఇన్నాళ్లూ దాచిపెట్టారు.

ఇప్పుడు ఫోనులో తెలుగునూ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నాం. తెలుగు కీబోర్డు ఆ ఫోనులోనే ఉంది, కానీ అక్కడ దీర్ఘం పెట్టాలా వద్దా అని ఎప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఇంగ్లీషులో ‘ఏ’ ఒకటి పడేస్తే హ్రస్వమో దీర్ఘమో తేల్చుకునే బాధ్యత అవతలివారిది. కోటి రూపాయలు, కోతి రూపాయలు ఒకే స్పెల్లింగులో సర్దుకుంటాయి. ‘ఎన్-ఏ-డీ-ఐ’ అని కొడితే నది, నాది, నాడి, నడి నాలుగూ వచ్చి వాకిట్లో నిలబడతాయి, కావలసినవారిని పిలుచుకోవచ్చు.

చిక్కంతా కృష్ణ దగ్గర వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల అధికారుల మధ్య ఫోను సందేశాలు నడుస్తున్నాయనుకుందాం. ఇవతలివారు కృష్ణా నది అని కొడతారు, అవతలివారు కృష్ణ నాది అని చదువుతారు. జవాబుగా వారూ అదే కొడతారు, ఇవతలివారూ అలాగే చదువుతారు. కాబట్టి నదీ యాజమాన్య బోర్డు తన తరువాతి సమావేశపు ఎజెండాలో ఒక అంశం చేర్చాలి. నదికి ఒక ‘ఏ’, నాదికి రెండు ‘ఏ’లు అని ముందు రాసుకోవాలి. ఆ రెండో ‘ఏ’ ఎవరిదని పేచీ వస్తే, నీళ్ల పంపకానికి 2015లో చేసుకున్న తాత్కాలిక ఏర్పాటు ఉండనే ఉంది. 512 పాళ్లు ఆంధ్రప్రదేశ్‌కు, 299 పాళ్లు తెలంగాణకు.