గోడకు చెమ్మ, ఆవిడకు గ్యాస్

నల్లకుంటలో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు గోడకు చెమ్మ వచ్చింది. అరచేయంత మచ్చ. సంఘం కార్యదర్శిని కాబట్టి ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టాను. పదకొండు మంది మగవాళ్లం మచ్చ చుట్టూ చేరి, తలా ఒకసారి వేలితో నొక్కి, రెండు గంటలు చర్చించాం. ప్లంబరు టార్చి వేసి చూసి "పైపు మంచిదే సార్, జాయింటు వదిలింది" అన్నాడు. టైల్స్ పగలగొట్టించాం. లీకు ఎక్కడో తేలకుండా పైన సున్నం కొట్టడం అశాస్త్రీయమని మినిట్స్‌లో రాసుకున్నాం కూడా.

ఆ వారమే మా ఆవిడ "ఏమండీ, మళ్లీ అదే ఉబ్బరం, కడుపులో మంట" అంది. పేపరు దించకుండానే "గ్యాస్" అన్నాను.

హైదరాబాదు మగవాడికి ఈ విద్య ఒకరు నేర్పక్కర్లేదు. మిర్చి బజ్జీలు తిని నాకు గుండెలో మంటొస్తే అది ఇసిజి తీయించాల్సిన సంగతి. అదే ఆవిడకొస్తే గ్యాస్. ఆవిడకి నలభై ఎనిమిది, ఏడాదిగా నెలసరి తప్పుతోంది. కానీ అది వేరే డిపార్ట్‌మెంటు, ఆ ఫైలు ఈ టేబుల్ మీదికి రాదు. వీధి చివరి డాక్టరుదీ నా మతమే. నాలుగు నిమిషాల్లో ఒక గోళీ రాసి, "టెన్షన్ పెట్టుకోకండమ్మా" అని పంపించాడు.

ఈ శాంతిని భగ్నం చేసింది మైక్రోబయాలజీ చదివే మా మేనకోడలు. "అత్తయ్య పేగుకీ గోడ ఉంది మామయ్యా. ఒక్క కణం మందం, అంతే. కణానికీ కణానికీ మధ్య క్లాడిన్, ఆక్లూడిన్ అనే ప్రొటీన్లు జాయింట్లు బిగిస్తాయి" అంది. జాయింటు అనేసరికి పేపరు దించాను.

ఆ జాయింట్ల బాగోగులు చూసేవాళ్లలో ఆడవాళ్ల హార్మోను ఈస్ట్రోజన్ ఒకటట. దాన్ని అందుకునే గ్రాహకాల్లో బీటా రకం 1996లో బయటపడింది. పెద్దపేగు లోపలి పొరలో ఉండేది ఎక్కువగా అదే. ఆడ ఎలుకలకు ఈస్ట్రోజన్ అందితే పేగు గోడ బిగిసింది. నెలసరి ఆగే వయసులో ఆ హార్మోను తగ్గితే, బిగువు సడలి సూక్ష్మజీవుల తునకలు లోపలికి జారొచ్చు, ఒళ్లు వాటితో కయ్యానికి దిగొచ్చు. అమెరికాలో ఆ దశ దాటుతున్న ఆడవాళ్ల రక్తం పరీక్షిస్తే లీకు గుర్తులు పెరిగి కనిపించాయి. ఇంకో విడ్డూరం: కాలేయం మూటకట్టి పిత్తంతో పారేసిన ఈస్ట్రోజన్‌ని పేగులోని బ్యాక్టీరియా మూట విప్పి మళ్లీ రక్తంలోకి పంపుతుందట. పాత సామాన్ల వాడి బేరం!

"అయితే ఆ ఈస్ట్రోజన్ గోళీలే తెప్పిస్తా" అన్నాను, కార్యదర్శి హోదాలో.

"ఆగు మామయ్యా. ఈస్ట్రోజన్ ఉండే గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో, పేగులు వాచే క్రోన్స్ జబ్బు కాస్త ఎక్కువగా కనిపించింది. ముందు అత్తయ్యని పేగుల డాక్టరుకి చూపించు."

చూశారా, సైన్సుకే స్థిరత్వం లేదు. గ్యాస్ ఏనాడైనా మాట మార్చిందా?

పైగా నాది ఒంటరి మతం కాదు. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లని మందుల తొలి దశ పరీక్షలకు దూరం పెట్టమంది; ఆ మాట వెనక్కి తీసుకునేసరికి 1993. ల్యాబుల్లోనూ ఆడ ఎలుకల హార్మోన్లు లెక్క చెడగొడతాయని మగ ఎలుకలకే పెద్దపీట. నేను పేపరు దించలేదు, వాళ్లు బోను తెరవలేదు. ఇక ఈస్ట్రోజన్ అన్న పేరుకు మూలమైన గ్రీకు మాట ఈస్ట్రోస్. అర్థం జోరీగ! ఆడవాళ్ల హార్మోనుకి అంతకంటే మర్యాదైన పేరు దొరకలేదు పెద్దలకి.

పేగుల డాక్టరు అపాయింట్‌మెంటు గురువారం పదకొండింటికి. ఆటో మాట్లాడి పెట్టాను. నేనూ వెళ్లేవాణ్నే, కానీ గోడ మీద మచ్చ మళ్లీ తేలింది, ప్లంబరు కూడా పదకొండింటికే వస్తానన్నాడు.